ఎలియాజరు మాస్టారి ముప్పై రోజులు

పొద్దున్న తొమ్మిదింబావుకి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఎలియాజరు మాస్టారి ఫోను మోగుతుంది. ఆ రెండు వేళల్లోనూ ఆయన ఇంకే పనీ పెట్టుకోడు. పొయ్యి మీద పాలుంటే దింపేస్తాడు. స్నానానికి వెళ్లబోతుంటే ఆగిపోతాడు. ఫోను బల్ల మీద పెట్టి, దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

"గుడ్ మార్నింగ్ సార్. అయామ్ ఇన్ ది ఆటో."

"గుడ్. ఎంతమందున్నారమ్మా?"

"పదకొండు మంది సార్. డ్రైవర్ తో కలిపి పన్నెండు."

"సరే. జాగ్రత్త."

నిమిషం కూడా పట్టదు. ఫోను పెట్టేశాక లేచి పాలు మళ్లీ పొయ్యి మీద పెట్టుకుంటాడు. ఇక మధ్యాహ్నం రెండు దాకా ఆ మేడ మీద మనిషి గొంతు వినబడదు. కింద గోనెసంచుల కొట్లో త్రినాధరావు బెల్లం మార్కెట్టు వాళ్లతో బేరమాడుతుంటే, ఆ మాటలు మెట్ల మీదుగా ముక్కలు ముక్కలుగా పైకొస్తాయి. అంతే.

ఎలియాజరుకి అరవై మూడేళ్లు. అనకాపల్లి గవరపాలెంలో ఆయనది త్రినాధరావు మేడ మీద రెండు గదుల కాపురం. ముందు గదిలో ఇరవై కుర్చీలు, ఒక నల్లబల్ల. వెనక గదిలో మంచం, పొయ్యి, భార్య లూర్దు మేరీ ఫొటో. పిల్లల్లేరు. ముప్పై ఏళ్లుగా ఆయన స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాడు. ఒకప్పుడు పొద్దున్న రెండు బ్యాచీలు, సాయంత్రం మూడు బ్యాచీలు ఉండేవి. ఇరవై కుర్చీలూ చాలక కొందరు మెట్ల మీద కూర్చుని వినేవారు.

ఆయన పాఠం పుస్తకంలో ఉండేది కాదు. ఒక మామూలు మాట తీసుకునేవాడు. బస్సో, ఆటోనో, మంచమో, బడో. "తెలుగులో ముందు వస్తువు చెప్పి, తర్వాత చోటు చెబుతాం. బస్సు అన్నాక కదా 'లో' అంటాం. ఇంగ్లీషువాడు చోటు ముందు చెప్పేస్తాడు. అంచేత నోరు తెరవకముందే నువ్వెక్కడున్నావో నీకు తెలియాలి" అనేవాడు. మనకి బస్సుకైనా ఆటోకైనా ఆ ఒక్క 'లో' సరిపోతుంది. వాళ్లకి బస్సయితే ఆన్, ఆటో అయితే ఇన్, బస్సు స్టాపయితే ఎట్. ఎందుకలాగని ఎవరైనా అడిగితే, "ఆటోలో వంగి దూరి కూర్చుంటావు. బస్సులో నిలబడి అటూ ఇటూ నడుస్తావు. నీ నడుముని అడుగు, అది చెబుతుంది" అనేవాడు.

మొదట్లో పదేసి మందిని బస్సు కాంప్లెక్సుకి తీసుకెళ్లి, ఆగి ఉన్న బస్సులు ఎక్కించి దింపించేవాడు. "ఎక్కుతారా, దిగుతారా? ఏటీ యవ్వారం?" అని కండక్టర్లు కసిరేవారు. సెల్‌ఫోన్లు చవకయ్యాక ఆ తిరుగుడు మానేసి కొత్త పద్ధతి పెట్టాడు. క్లాసులు మూడు నెలలే. ఆ తర్వాత రోజుకి రెండుసార్లు, ఎక్కడుంటే అక్కడినుంచి, మాస్టారికి ఫోను చేసి తానెక్కడున్నాడో ఒక్క వాక్యంలో చెప్పాలి. ముప్పై రోజులు వరసగా తప్పు లేకుండా చెబితే చదువు అయిపోయినట్టు. మధ్యలో ఒక్క తప్పొచ్చినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. ముప్పయ్యో రోజున ఆయన అనే మాట ఒకటే: "ఇంక నాకు ఫోను చెయ్యకు."

సర్టిఫికెట్టు లేదు, ఫొటో లేదు, ఆ మాటే. దానికోసం కాలేజీ కుర్రాళ్లు, షాపుల్లో లెక్కలు రాసేవాళ్లు, నర్సులు ఎదురుచూసేవారు. ఆ మాట అనిపించుకున్న రోజున కొందరు మాడుగుల హల్వా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లేవారు. ఒకడైతే ఫోనులో, "సార్, మా ఆటోలో పదిహేను మందిమి. నేను డ్రైవరు పక్కన సగం బయట వేలాడతన్నాను. ఇన్నా, ఆన్నా?" అన్నాడు. "ముందు దిగు. బతికుంటే చెబుతాను" అన్నాడు ఎలియాజరు. ఆ రోజు లూర్దు మేరీ కూర తరుగుతూ ఎంతసేపు నవ్విందో. "ఊళ్లో ఎవడెక్కడున్నాడో మీకు తెలుసు. ఇంట్లో ఉప్పెక్కడుందో తెలీదు" అంది.

ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆయన బాప్టిస్టు, ఆమె కతోలిక. బతికున్నన్నాళ్లూ ఆదివారం పొద్దున్న ఇద్దరూ ఒకే గుమ్మం దిగి చెరో దారిన వెళ్లేవారు. ఇప్పుడాయన ఆమె గుడికి వెళ్లి చివరి వరసలో కూర్చుంటున్నాడు. వాళ్ల ప్రార్థనలు ఆయనకి నోటికి రావు. ఊరికే కూర్చుని వస్తాడు.

ఆమె వెనకే క్లాసు పిల్లలూ వెళ్లిపోయారు. ఇంగ్లీషు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతోంది, మాస్టారక్కర్లేదు. బ్యాచి ఇరవై నుంచి ఆరుకి, ఆరు నుంచి రెండుకి దిగింది. పోయిన జులైలో ఆయన దగ్గర మిగిలింది ఇందు ఒక్కతే. రోజూ ఆ రెండు వేళల్లో మోగే ఫోను ఆమెదే.

ఇందుకి ఇరవై ఏడేళ్లు. మునగపాకలో అత్తారిల్లు. బీయస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసైంది. భర్త నానాజీ అచ్యుతాపురంలో ఫిట్టరు. నాలుగేళ్ల కూతురు సుప్రియని రోజూ ఆటోలో అనకాపల్లి బడికి దింపి వెళుతుంది. తనక్కావలసింది అచ్యుతాపురం కంపెనీల్లో ల్యాబు ఉద్యోగం. రెండేళ్ల కిందట విశాఖలో ఒక ఇంటర్వ్యూకి వెళ్లింది. కెమిస్ట్రీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖర్న, ఎక్కడుంటావమ్మా అని ఇంగ్లీషులో అడిగారు. ఆమె జవాబు విని ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. అంతే, అక్కడినుంచి ఆమె నోరు పెగల్లేదు. ఆ సంగతి విన్నాక ఎలియాజరే అన్నాడు, "నేను ఇంక ఫోను చెయ్యకు అనేదాకా ఏ ఇంటర్వ్యూకీ వెళ్లకు. బెదిరిన నోరు మళ్లీ బెదిరితే కష్టం" అని. ఆమె తలూపింది.

త్వరగానే నేర్చుకుంది. నవంబరు ఆఖరికి ఇరవై తొమ్మిది రోజులు నిండాయి. ముప్పయ్యో రోజు పొద్దున్న ఎలియాజరు మామూలు కన్నా ముందే లేచాడు. ఇల్లూడ్చాడు. ఇరవై కుర్చీలూ తుడిచాడు. తొమ్మిదింబావుకి ఫోను మోగింది.

"గుడ్ మార్నింగ్ సార్. అయామ్ ఎట్ ది బస్ స్టాప్."

అక్షరం పొల్లుపోలేదు.

"తప్పు" అన్నాడు ఎలియాజరు.

అలా అనాలని ఆయన అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. అవతల ఆటోల హారన్లు వినబడుతున్నాయి. "ఏటి తప్పు సార్?" అంది ఇందు.

"ఎట్ కాదు. ఆన్ అనాలి. నువ్వు రోడ్డు మీద నిలబడ్డావు కదా."

"మీరు క్లాసులో ఎట్ అనే చెప్పేరనుకున్నాను సార్. నెట్లో కూడా అలాగే చూసేను."

"నువ్వు సరిగ్గా విని ఉండవు. నెట్లో నూటొక్క రకాలు చెబుతారమ్మా. రేపట్నుంచి మళ్లీ ఒకటి."

"సారీ సార్" అంది ఆ పిల్ల.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆయన అక్కడే కూర్చున్నాడు. రేపు చెప్పేద్దాం, నేనే పొరబడ్డానని చెబుదాం అనుకున్నాడు. మర్నాడు తొమ్మిదింబావుకి ఫోను మోగింది. ఆ మోతకి ప్రాణం లేచొచ్చింది. చెప్పలేదు.

డిసెంబరులో ఇరవై ఏడో రోజున ఇంకోసారి అన్నాడు. ఆ రోజు ఇందు గబగబా మాట్లాడింది. "అయామ్ ఎట్ ది హాస్పిటల్ సార్, పాపకి జ్వరం" అంది. జ్వరం మాట ఆయన చెవికెక్కనే లేదు. ఇరవై ఏడు అన్న అంకె ఒక్కటే మనసులో ఉంది. "ఎట్ కాదు, లోపలున్నావు కాబట్టి ఇన్ అనాలి" అన్నాడు. జనవరిలో ఆమె బ్యాంకు నుంచి చేసినప్పుడు మూడోసారి. ఈసారి కారణం కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి రెండో వారం, సోమవారం మధ్యాహ్నం ఆమె వాక్యం చెప్పి వెంటనే ఫోను పెట్టెయ్యలేదు.

"సార్, కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. గురువారం పదింటికి ఇంటర్వ్యూ అంట. క్వాలిటీ కంట్రోల్ ల్యాబు."

"అబ్బ, మంచిమాట చెప్పావమ్మా."

"నేనెళ్లట్లేదు సార్. ఇంకా పదకొండు రోజులే కదా అయ్యేయి."

"వెళ్లు ఇందూ. నీకు వచ్చేసింది. నేను చెబుతున్నాను కదా."

"మీరు ధైర్యానికి చెప్తన్నారు సార్. మూడుసార్లు చివరిదాకా వచ్చి పడిపోయేను. అక్కడ కూడా చివర్లోనే పడిపోతాను. మళ్లీ ఆళ్లు నవ్వడం, నేను బస్సులో ఏడుస్తూ రావడం. నా వల్ల కాదు."

"మళ్లీ పిలుస్తారా?"

"ఒకసారి రాకపోతే మళ్లీ పిలవరంట. మా ఆయన కనుక్కున్నారు. పర్లేదులెండి. పాప బడి వదిలే టైమవుతోంది, ఉంటాను."

ఆ సాయంత్రం పాలకని మెట్లు దిగుతుంటే త్రినాధరావు ఆపాడు. ఆయనా ఎలియాజరూ ఒక ఈడువాళ్లే.

"ఏటి మాస్టారూ, మొకం వేలాడేసుకున్నారు?"

"ఏమీ లేదు. మా ఇందుకి ఇంటర్వ్యూ వచ్చింది."

"దానికి ఏడవాలేటి? అవున్లెండి, ఆ అమ్మాయికి ఉద్యోగమొత్తే మీ బడికి తాళమే. మెట్ల కాడ మీ పేరున్న రేకు బోర్డు నాకిచ్చీండి, వానొచ్చినప్పుడు గోనెల మీద కప్పుకుంటాను."

సరదాకే అన్నాడు. ఎలియాజరు మాత్రం పాలు తీసుకోకుండానే వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

మంగళవారం రెండుసార్లూ ఫోను మోగింది. రెండుసార్లూ ఆమెకి ధైర్యం చెప్పబోయాడు. ఆమె వినలేదు. నిజానికి వినకపోవడం నేర్పింది ఆయనే. నీకు వచ్చేసిందని ఎన్నిసార్లు చెప్పినా, రాలేదని ఆయనే చెప్పిన మూడుసార్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటిని తీసెయ్యాలంటే దారి ఒకటే. ఫోన్లో చెబుదామనుకున్నాడు. ఫోన్లో చెబితే కట్ చేసుకుని కూర్చోవచ్చు. అందుకే బుధవారం భోజనం చెయ్యకుండా బయల్దేరి నెహ్రూచౌక్‌లో మునగపాక ఆటో ఎక్కాడు. దారిలో చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డంపడి అరగంట ఆలస్యమైంది. ఆ అరగంటా, ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కున్నాడు.

ఇందు అత్తగారు బుల్లమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది.

"ఇంగిలీసు మాస్టారా? రండి బాబూ, కూకోండి. మా కోడలు రోజూ మాటాడీది మీతోటే కదా. నాతోటి అన్ని మాటలాడదు" అంటూ లోపలికి కేకేసింది. "ఇందూ, మీ మాస్టారొచ్చేరు. మజ్జిగట్టుకురా. ఉండు, నేనే తెత్తాను, నువ్వు ఉప్పెయ్యడం మర్చిపోతావు."

ఇందు తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. ఆశ్చర్యం, సంతోషం, కొంచెం భయం కూడా ఆ మొహంలో ఉన్నాయి. "ఇంత ఎండలో వచ్చేరేటి సార్? ఫోను చేస్తే నేనొచ్చేదాన్ని కద" అంది. బడికి సెలవేమో, సుప్రియ గడపలో కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది.

"ఇందూ, నువ్వు రేపు వెళ్లాలి."

"సార్, మళ్లీ అదే..."

"విను. నేను తప్పన్న మూడుసార్లూ నువ్వు చెప్పింది ఒప్పే."

ఆమెకి అర్థం కాలేదు. "ఏ మూడుసార్లు?"

"బస్సు స్టాపు. ఆస్పత్రి. పోయిన నెల బ్యాంకు. మూడూ సరిగ్గానే చెప్పావు. నీ చదువు నవంబరులోనే అయిపోయింది. తెలిసే తప్పన్నాను."

ఇందు ఆయన మొహంలోకి చూసింది. ధైర్యానికి అంటున్నాడేమో అన్నట్టు చూసింది. కాదని తెలిశాక ఆ చూపు మారింది.

"ఆస్పత్రి రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

"ఆ రోజు పాపకి నూట నాలుగు సార్." ఆమె గొంతు పెద్దది కాలేదు, ఇంకా తగ్గింది. "సెలైన్ పెట్టడానికి నరం దొరకట్లేదు. లోపల ఇది ఏడుస్తోంది. తొమ్మిదింబావు అయిపోతోందని నేను బయటికొచ్చి మీకు ఫోను చేసేను. మీరు తప్పన్నారు. నేను ఆ వరండాలో నిలబడి, మీరు చెప్పిన వాక్యం పది నిమిషాలు వల్లె వేసుకున్నాను. మళ్లీ మర్చిపోతానేమోనని. లోపలికెళ్లేసరికి సూది గుచ్చీడం అయిపోయింది. ఇది అమ్మా అమ్మా అని పిలిచిందంట."

సుప్రియ తన గురించేనని తెలిసి తలెత్తి ఇద్దరినీ చూసింది. మళ్లీ పలక మీదికి వంగింది.

"ఎందుకు సార్?" అంది ఇందు.

"నువ్వు ఫోను చెయ్యడం మానేస్తావని" అన్నాడు.

పైకి అన్నాక అది ఎంత చిన్న మాటో ఆయనకే తెలిసింది. దానికి ఇంకేమైనా కలుపుదామని చూశాడు. భార్య సంగతి, ఖాళీ కుర్చీల సంగతి చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. అయినా ఆ పిల్ల వరండాలో నిలబడిన పది నిమిషాలకి అవేవీ సరిపోవు.

బుల్లమ్మ గ్లాసుతో వచ్చింది. "ఇదిగో బాబూ, అల్లం కూడా ఏసేను."

"అత్తా, మజ్జిగొద్దు" అంది ఇందు. "సార్ ఎళ్లిపోతన్నారు."

"అదేటే, ఇప్పుడే కదా వచ్చేరు. ఇంటికొచ్చిన మనిషిని..."

"పని ఉందమ్మా" అన్నాడు ఎలియాజరు లేస్తూ. గ్లాసు పట్టుకుని బుల్లమ్మ కోడలి వైపు, మాస్టారి వైపు మార్చి మార్చి చూసింది.

అరుగు దిగాక ఆయన ఆగాడు. మిగిలిన పని ఒకటుంది. అది చెయ్యకపోతే ఆ పిల్ల రేపు గుమ్మం దాటదు. వెనక్కి తిరిగి, క్లాసులో చెప్పినట్టే, నిదానంగా చెప్పాడు:

"ఇంక నాకు ఫోను చెయ్యకు, ఇందూ."

ఇందు కూతుర్ని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

గురువారం తొమ్మిదింబావుకి ఎలియాజరు అలవాటుగా కుర్చీలో కూర్చున్నాడు. ఫోను మోగలేదు. పదయింది. ప్రార్థన చేద్దామనుకున్నాడు. ఆ అమ్మాయి కోసమో, తన కోసమో తేల్చుకోలేక మానేశాడు. వెళ్లిందో లేదో తెలుసుకునే దారి లేదు. తెలుసుకునే హక్కు కూడా తనకి లేదనిపించింది. శుక్రవారం, శనివారం కూడా అలాగే గడిచాయి. మార్కెట్టు మంచి ఊపులో ఉంది. కింద లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. గదంతా బెల్లం వాసన. మూడు రోజులపాటు ఆయన పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పాలవాడు కూడా రాలేదు, వాళ్లబ్బాయి ప్యాకెట్టు గుమ్మంలో పడేసి పోయాడు.

తర్వాతి ఆదివారం నానాజీ వచ్చాడు. మెట్ల కింద బండి ఆపి, పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, ఇందుకి ఉద్యోగం వచ్చింది. రేపట్నుంచి జాయినింగు."

ఎలియాజరు ఒక కుర్చీ ముందుకి జరిపాడు. "చాలా సంతోషం బాబూ. కూర్చో. తను పంపిందా?"

"లేదు సార్. మాస్టారికి సెప్పవే అంటే, అక్కర్లేదు అన్నాది. గురువుకి సెప్పకపోతే ఎలాగని నేనే వచ్చేను." నానాజీ గొంతు తగ్గించాడు. "ఏటైంది సార్ మీ ఇద్దరికీ? అడిగితే మాటాడదు."

"నేను తప్పు చేశాను."

"ఇంగిలీసులోనా?"

"కాదు."

నానాజీ గదిలోని ఖాళీ కుర్చీలని ఒకసారి చూశాడు. "అక్కడ ఇద్దరు కూకున్నారంట. అడిగినవన్నీ సెప్పిందంట. ఎవరూ నవ్వలేదంట" అన్నాడు.

"పాపెలా ఉంది?"

"బాగుంది సార్. మా అమ్మ బడికి దింపుతాది ఇంక. సరే సార్, ఎళ్తాను."

బండి చప్పుడు సందు చివర దాకా వినబడి ఆగిపోయింది. ఎలియాజరు వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసి, పేర్ల జాబితా తెరిచాడు. వందలకొద్దీ పేర్లు. అందరికీ ఇంక ఫోను చెయ్యకు అని చెప్పినవాడు తనే. తనంతట తానుగా ఒక్కరికి కూడా ఎప్పుడూ చెయ్యలేదు. మాస్టారికి పిల్లలు చెయ్యాలి గాని, పిల్లలకి మాస్టారు చెయ్యడమేమిటి అనుకునేవాడు. వేలు జాబితా మీద కిందికి పైకి నడిచి దేవీప్రసాద్ దగ్గర ఆగింది. పన్నెండేళ్ల కిందటి విద్యార్థి. ఎలా ఉండేవాడో కూడా సరిగ్గా గుర్తు లేదు.

నాలుగైదు సార్లు మోగాక ఎత్తారు.

"హలో, ఎవరండీ?"

"నేను బాబూ, ఎలియాజరుని. అనకాపల్లిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి."

"ఆ... సార్. చెప్పండి సార్. ఏటైనా పనుందా?"

ఏదో ఒక పని చెప్పవచ్చు. ఎవరికో ఉద్యోగం కావాలనో, ఒక కాగితం సంగతి కనుక్కోమనో. అలాంటివి రెండు ఆయన నాలిక దాకా వచ్చాయి.

"పనేమీ లేదు" అన్నాడు. "ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. ఎవరితోనైనా మాట్లాడదామని చేశాను."

"అలాగా సార్." వెనక ఎవరో భోజనానికి పిలుస్తున్నారు. "ఇప్పుడు కొంచెం... సాయంత్రం చేత్తాను సార్, తప్పకుండా."

"నీకు వీలైతేనే" అన్నాడు ఎలియాజరు. ఫోను బల్ల మీద పెట్టి, పొయ్యి మీద అన్నం పొంగుతున్న వాసన వస్తే లోపలికి వెళ్లాడు.